మిగతాది తర్వాత చదవండి

టీచరుగారు పోయారన్న కబురు నాకు ఆఫీసు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. పొద్దున్నే స్టవ్ మీద ఇడ్లీ పాత్ర పెట్టి ఫోను చూశాను. ఎర్రటి అక్షరాలతో ఒక బొమ్మ పెట్టారు. "మన సంస్థలో డాక్యుమెంట్ టైపిస్టుగా పనిచేసిన మేడమ్ స్వర్గస్థులైనారు" అని ఉంది. దాని కింద విడిగా ఇంకో ముక్క, "వివరాలకు ఇక్కడ నొక్కండి" అని. నొక్కాను. మీరు కోరిన పేజీ లేదు అని వచ్చింది.

ఏడవాల్సిన దాన్ని, ముందు ఒళ్ళు మండింది. టీచరుగారు టైపిస్టు కాదు. ఎర్ర అక్షరాలు ఎక్కడపడితే అక్కడ వాడేవాళ్ళంటే ఆవిడకు గిట్టదు. "ఇక్కడ నొక్కండి" అన్న మాటంటే మరీ గిట్టదు. నొక్కితే తెరుచుకోని లింకు సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. ఒక మనిషి బతికినన్నాళ్ళూ వేటిని వద్దు వద్దని మొత్తుకుందో వాటన్నిటినీ ఏరి కూర్చి ఆ మనిషి చావుకబురు తయారు చేయడం మా ఆఫీసువాళ్ళకే చేతనైంది. దాని కింద ఒకరి తర్వాత ఒకరు దణ్ణాలు పెట్టారు. ఒకాయన బొటనవేలు ఎత్తి చూపించాడు.

పోయినవాళ్ళ గురించి నెమ్మదిగా రాయాలంటారు. నేను కోపంలోనే రాస్తున్నాను. టీచరుగారు ఉంటే "ముందు మంచినీళ్ళు తాగి రా అమ్మాయ్, తర్వాత తిడుదువుగాని" అనేవారు. తాగాను. తగ్గలేదు.

మా ఆఫీసు గుడివాడలో ఉంది. రొయ్యల చెరువుల రైతులు ఫోనులో వాడుకునే సాఫ్ట్‌వేరు తయారు చేస్తాం. మేత ఎంత వేశారు, నీళ్ళల్లో ఉప్పదనం ఎంత, ఆక్సిజన్ ఎంత, అన్నీ అందులో కనిపిస్తాయి. వాడేవాళ్ళకు ఎక్కడైనా తోచకపోతే పక్కనే "ఏం చేయాలి?" అని ఉంటుంది. దాని మీద వేలు పెడితే ఒక చిన్న పేజీ తెరుచుకుని ఏం చేయాలో చెబుతుంది. అలాంటి పేజీలన్నీ కలిపితే హెల్ప్ ఫైలు. ఆ పేజీలు రాయడం, చూడగానే అర్థమయ్యేలా వాటిని తీర్చిదిద్దడం, ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి దారి వేయడం టీచరుగారి పని. ఆవిడ దగ్గర నేను ఆ పని నేర్చుకున్నాను.

అంతకు ముందు ఆవిడ బందరులో ఒక స్కూల్లో పాఠాలు చెప్పేవారు. ఆ స్కూలు మూతబడ్డాక మా ఆఫీసుకొచ్చారు. వాళ్ళ నాన్నగారు పల్లెలు తిరిగిన పాస్టరు. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. బందరులోనే తమ్ముడుగారి కుటుంబంతో ఉంటూ రోజూ పాసింజరు బండిలో గుడివాడ వచ్చి వెళ్ళేవారు. డైరెక్టరు దగ్గర్నుంచి టీ ఇచ్చే ఆవిడ దాకా అందరూ టీచరుగారూ అనే పిలిచేవాళ్ళు. నోరారా అలా పిలిచినవాళ్ళే చనిపోయాక టైపిస్టని రాశారు.

ఆ పాసింజరు బండే ఆవిడకు పరీక్ష హాలు. కొత్త పేజీ రాసిన మర్నాడు దాన్ని ఫోనులో పెట్టుకుని, పక్కన కూర్చున్న మనిషి చేతికిచ్చి, "ఏమండీ, ఇది చదివి మీరైతే ఏం చేస్తారో చెప్పండి" అనేవారు. చెరువు ముఖం చూడనివాళ్ళకి చెరువు సంగతి ఎందుకండీ అని అడిగాను ఒకసారి. "చెరువు చూడని మనిషికి తాపీగా కూర్చుని అర్థమైతే, చెరువు గట్టున కాళ్ళూ చేతులూ ఆడని మనిషికి కూడా అర్థమవుతుంది" అన్నారు.

పెడనలో ఒక నేత పనివాడాయన ఎక్కేవాడు. గుడివాడ కొట్లలో చీరలు వేయడానికి మూట పట్టుకుని వచ్చేవాడు. ఆయనంటే టీచరుగారికి మహా ఇష్టం. అర్థం కానిదానికి అర్థమైనట్టు తల ఊపేవాడు కాదు మరి. ఒకరోజు నేను కూడా బందరు నుంచి ఆవిడతో కలిసి వస్తున్నాను. పెడనలో ఆయన ఎక్కి, మూట సీటు కిందకి తోసి కూర్చున్నాడో లేదో టీచరుగారు ఫోను చేతిలో పెట్టేశారు. చెరువులో ఆక్సిజన్ తగ్గితే ఏం చేయాలో చెప్పే పేజీ అది.

ఆయన కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివాడు. "రొయ్యలు పైకొచ్చి తిరుగుతుంటాయని రాశారు గదండీ. పైకొచ్చాయంటే పాపం ఆకలేసి ఉంటది. ఓ బకెట్ మేత పడేస్తే సరి."

"మేత వేస్తే చచ్చిపోతాయండీ" అన్నాను నేను. నీళ్ళల్లో ఊపిరాడకపోతేనే రొయ్య పైకొస్తుంది. అప్పుడు మేత వేస్తే అది నీళ్ళల్లో కుళ్ళి, ఉన్న కాస్త ఆక్సిజనూ లాగేస్తుంది. మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసనుకున్నాను ఈ సంగతి.

"ఆ ముక్క ఇందులో లేదు గదమ్మా" అన్నాడాయన.

టీచరుగారు నా వంక ఒక చూపు చూసి ఫోను వెనక్కి తీసుకున్నారు. కళ్ళజోడు నెత్తి మీదే ఉందని మర్చిపోయి సంచీ అంతా వెతికి, ఆయనే చూపిస్తే కిందకి దించుకున్నారు. గుడ్లవల్లేరు వచ్చేలోపు ఆ పేజీ నెత్తిన నాలుగు వాక్యాలు రాసేశారు.

"రొయ్యలు పైకి తేలితే అది ఆకలితో కాదు, ఊపిరాడక. మేత వేయకండి. ముందు ఏరేటర్లన్నీ వేయండి. మిగతాది తర్వాత చదవండి."

ఏరేటర్లంటే నీళ్ళు చిమ్ముతూ గాలి కలిపే చక్రాలు. చెరువులో వాటిని తిప్పితే రొయ్యకు ఊపిరి అందుతుంది. నేత ఆయనకు మళ్ళీ చదవమని ఇచ్చారు. ఆయన మొదటి నాలుగు ముక్కలు చదివి ఫోను తిరిగి ఇచ్చేశాడు. "మిగతాది చదవలేదేంటండీ?" అన్నాను. "తర్వాత చదవమన్నారు గదమ్మా" అన్నాడు. టీచరుగారు ఆ రోజంతా సంతోషంగా ఉన్నారు.

డైరెక్టరుగారికి ఆ నాలుగో వాక్యం నచ్చలేదు. "హెల్ప్ పేజీలో చదవొద్దని రాస్తారాండీ ఎవరైనా? కస్టమర్లు నవ్వుతారు" అన్నాడు. "చదివే తీరిక ఉన్నవాళ్ళకి రాసింది కాదండీ అది" అన్నారు టీచరుగారు. ఆయన ఏదో అనబోతే ఆవిడ గోరుతో తెర మీద టక్ టక్‌మని కొట్టి, "చదువుతూ కూర్చుంటే చెరువు పోతుంది. ఈ పేజీ గొప్పతనం ఎవరూ దీన్ని పూర్తిగా చదవకపోవడంలోనే ఉంది" అన్నారు. ఆ వాక్యం ఉండిపోయింది.

నేను చేరిన కొత్తలో ఒక పేజీని ముస్తాబు చేసి తెచ్చాను. శీర్షిక నీలం, మెట్లు ఆకుపచ్చ, సగం మాటలు బొద్దుగా, సగం వాలుగా. ఆవిడ చూసి, "ఇదేంటమ్మా, ఎవరిదో పెళ్ళా?" అన్నారు. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. వేలు పెట్టాల్సిన మాట ఒక్కటే బొద్దుగా ఉండాలి. ఎరుపు ప్రాణం పోయే చోటే ఉండాలి, ఇంకెక్కడైనా పెడితే నీ చెయ్యి విరిచేస్తా అన్నారు. మా హెల్ప్ మొత్తం మీద ఎర్ర అక్షరాలున్నవి ఆ నాలుగు వాక్యాలే. "ఇక్కడ నొక్కండి అని రాయడం బోర్డు లేని బస్సు ఎక్కమన్నట్టు. ఎక్కడికెళ్తుందో దాని నెత్తిన రాసి ఉండాలి" అనేవారు. అందుకే ఆవిడ లింకులన్నీ "మేత తగ్గించడం ఎలా", "నీళ్ళు మార్చేది ఎప్పుడు" అన్నట్టుండేవి. చదివినవాడికి ఎటు వెళ్తున్నాడో ముందే తెలిసేది.

ఇంకొకటి అసలు సంగతి. ప్రతి పేజీకి లోపల ఒక నెంబరు ఉంటుంది. చదివేవాళ్ళకు కనిపించదు. "ఏం చేయాలి?" మీద వేలు పెడితే సాఫ్ట్‌వేరు ఆ నెంబరు పట్టుకునే పేజీ దగ్గరికి వెళ్తుంది. పేజీల మధ్య లింకులూ అంతే. టీచరుగారు పేజీల పేర్లు మార్చేవారు, బొమ్మలు మార్చేవారు, రాతంతా తీసేసి మళ్ళీ రాసేవారు, కానీ ఆ నెంబరు ముట్టుకునేవారు కాదు. "ఇంటికి ఎన్నిసార్లైనా సున్నం వేసుకోండి. డోరు నెంబరు మాత్రం మార్చకండి" అనేవారు. ఈ మాట మా ఆఫీసులో వినని మనిషి లేడు. విన్నారు, అంతే.

కొత్త వెర్షన్ విడుదల చేసే ముందు, "క్యారల్స్‌కి వెళ్ళొద్దాం పదమ్మా" అనేవారు. డిసెంబరులో బందరు వీధుల్లో వాళ్ళ చర్చివాళ్ళు ఇంటింటికీ పాటలు పాడుతూ తిరుగుతారు. ఏ ఇల్లూ వదలరు. అలాగే హెల్ప్‌లో ఉన్న లింకులన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, మేమిద్దరం నొక్కుకుంటూ వెళ్ళేవాళ్ళం. నేను కొన్ని దాటేయబోతే ఆవిడ పట్టుకునేవారు. "ఒక్క గుమ్మం వదిలితే ఆ ఇంటివాళ్ళు ఏడాదంతా గుర్తుపెట్టుకుంటారు. పోయినేడు మా ఇంటికి రాలేదేమండీ అని అడుగుతారు. నేను పడ్డాను ఆ మాట" అనేవారు. పని చేస్తూ చేస్తూ సన్నగా ఏదో పాట కూడా తీసేవారు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయి ఫ్యాను ఆగిపోయి చెమటలు కారుతుంటే, ఆవిడ క్రిస్మస్ పాట పాడుతూ రొయ్యల లింకులు నొక్కడం నేను చూశాను.

తర్వాత ఆవిడకు కిడ్నీలు పాడయ్యాయి. డయాలసిస్ మొదలైంది. ఉద్యోగం మానేశారు. ఆ తర్వాతే ఆఫీసుకి కొత్త డిజైన్ టీమొకటి వచ్చింది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. వచ్చిన వారానికే మన కంపెనీ రంగు ఎరుపు కాబట్టి హెల్ప్‌లో శీర్షికలన్నీ ఎర్రగా ఉండాలన్నారు. పేజీలన్నీ ఒకే తీరుగా కనపడాలన్నారు. మొదటి పేజీలో నవ్వుతున్న కుటుంబం ఫొటో పెట్టి, కింద "స్వాగతం" అని రాశారు. అంతవరకు ఊరుకున్నా పోయేది. పేజీల లోపలి నెంబర్లు అడ్డదిడ్డంగా ఉన్నాయని చెప్పి అన్నీ వరసలో కొత్తగా వేశారు. సాఫ్ట్‌వేరుకేమో పాత నెంబర్లే తెలుసు. దాంతో ఎవరు ఎక్కడ "ఏం చేయాలి?" మీద వేలు పెట్టినా, వెతుకుతున్న పేజీ దొరక్క, అది తిన్నగా ఆ నవ్వుతున్న కుటుంబం దగ్గరికి వెళ్ళి నిలబడేది.

నేను వెంటనే డైరెక్టరుగారికి చెప్పాను. "చిన్న ఇష్యూ అమ్మా. వచ్చే రిలీజ్‌లో చూద్దాం" అన్నాడు. చూడ్డానికి బాగుంది గదా అని కూడా అన్నాడు.

మా పిన్నిది దివిసీమలో నాగాయలంక పక్క ఊరు. బాబాయి రొయ్యలు వేస్తాడు. నేను చెప్తేనే మా సాఫ్ట్‌వేరు పెట్టుకున్నాడు. ముసురు పట్టిన రోజులవి. బాబాయి మేత లోడు కోసం భీమవరం వెళ్ళాడు. కాపలా మనిషికి జ్వరం. చెరువు దగ్గర పిన్ని ఒక్కతే ఉంది. ఇంటి పని, గేదెల పని తప్ప చెరువు పని ఆవిడకు ఎవరూ నేర్పలేదు. పొద్దున్నే, బాబాయి చెరువు దగ్గర ఉంచిన ఫోను మోగింది. తెర మీద ఆక్సిజన్‌కి గుర్తుగా ఇంగ్లీషులో రెండు పొడి అక్షరాలు, పక్కన ఒక అంకె. కింద తెలుగులో "ఏం చేయాలి?" అని ఉంది. పిన్ని దాని మీద వేలు పెట్టింది. నవ్వుతున్న కుటుంబం వచ్చింది. వెనక్కొచ్చి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే. బాబాయికి చేస్తే ఫోను కలవలేదు. ఈలోపు రొయ్యలు పైకి తేలి గట్టు పక్కకి చేరాయి. చూసి జాలి పడింది. ఆకలేసిందనుకుంది. మేత బకెట్ తెచ్చి చల్లింది.

పెడన నేత ఆయన రైల్లో కూర్చుని చెప్పింది చెప్పినట్టు మా పిన్ని చేసింది. ఆ పొరపాటు జరగకూడదనే టీచరుగారు ఆ నాలుగు ముక్కలు రాశారు. ఆ ముక్కలు ఫోనులోనే ఉన్నాయి. వాటి దగ్గరికి వెళ్ళే దారిని మా ఆఫీసువాళ్ళు మూసేశారు.

మధ్యాహ్నానికి చెరువంతా చచ్చిన రొయ్యలతో తెల్లగా తేలింది. సాయంత్రానికి పక్క చెరువుల రైతులు వచ్చి గట్టున నిలబడి, "ఆడమనిషి చేతిలో పెడితే ఇంతేనండీ" అని బాబాయిని ఓదార్చి వెళ్ళారు. బాబాయి పిన్నిని ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఆవిడకు పుండు మీద కారం చల్లినట్టయింది. మర్నాటి నుంచి ఆవిడను చెరువు వైపు రానివ్వలేదు.

"నేనే చంపేశానే" అంది పిన్ని నాతో ఫోనులో. "నీ తప్పు కాదు పిన్నీ, మా ఆఫీసు తప్పు" అని ఎంత చెప్పినా వినలేదు. "నొక్కానమ్మా. నొక్కుతూనే ఉన్నా. అది నవ్వుకుంటూ స్వాగతం అంది" అంది. ఆ మాట నా చెవిలోంచి ఇప్పటికీ పోలేదు.

ఆ వారమే బందరు ఆస్పత్రికి వెళ్ళాను. టీచరుగారు డయాలసిస్ మంచం మీద ఉన్నారు. ఒక చెయ్యి నిండా గొట్టాలు. రెండో చేతిలో ఫోను. నన్ను చూసి పలకరింపు కూడా లేకుండా, "క్యారల్స్‌కి వెళ్ళొచ్చానమ్మాయ్. ఒక్క గుమ్మం కూడా తీయలేదు" అన్నారు. ఉద్యోగం మానేసిన మనిషి, ఒంట్లో రక్తం బయటికి వెళ్ళి శుభ్రపడి వస్తుంటే, ఖాళీగా ఉన్న చేత్తో మా లింకులన్నీ నొక్కి చూశారు.

చెప్పకూడదనుకుంటూనే పిన్ని సంగతి చెప్పేశాను. ఆవిడ ఫోను దుప్పటి మీద పెట్టేశారు.

"మేత వేసిందా?" అన్నారు.

"వేసిందండీ."

"నేత ఆయన ముందే చెప్పాడు గదే" అని కళ్ళు మూసుకున్నారు. కాసేపటికి తెరిచి, "మీ పిన్నిది తప్పు కాదని నేను చెప్పానని చెప్పు. టీచరు చెప్పిందని చెప్పు. వింటుంది" అన్నారు. నేను లేచి వస్తుంటే మళ్ళీ పిలిచారు. "ముందు ఆ ఒక్క దారీ వేయించమ్మా. మిగతావి తర్వాత."

మర్నాడు డైరెక్టరుగారి గదిలో నిలబడ్డాను. ఆయన కుర్చీ చూపించి, "హెల్ప్ పేజీల కాలం అయిపోయిందమ్మా. చాట్ తెస్తున్నాం. ఎవరికి ఏ డౌటొచ్చినా అందులో అడుగుతారు. అప్పటిదాకా పాతదాన్ని ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాడు.

"అడగడం తెలిసినవాళ్ళు అడుగుతారండీ. ఊపిరాడని రొయ్యకి ఆకలేసిందనుకున్న మనిషి ఏమని అడుగుతుంది?" అన్నాను.

"నువ్వు ఎమోషనల్ అవుతున్నావు" అన్నాడు. కుర్చీలో నేను కూర్చోలేదు. ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆ ఎర్ర అక్షరాల కబురు వచ్చింది.

బందరు సమాధుల తోటలో టీచరుగారిని వాళ్ళ నాన్నగారి పక్కన పెట్టారు. తర్వాత చర్చిలో ఆదరణ కూడిక జరిగింది. పోయినవాళ్ళ గురించి తెలిసినవాళ్ళు లేచి నాలుగు మాటలు చెప్పే పద్ధతి ఉంది వాళ్ళలో. ఆవిడ పాఠం చెప్పిన పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళు, లేచి చెప్పారు. పెడన నేత ఆయన ఎలా తెలుసుకున్నాడో వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. మా డైరెక్టరుగారు పెద్ద పూలదండతో వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మైకు పుచ్చుకుని, "మేడమ్ మా సంస్థకు వెన్నెముక. ఆవిడ చూపిన దారిలోనే మేమంతా నడుస్తున్నాం" అన్నాడు.

దారి అన్న మాట ఆయన నోట్లోంచి వచ్చేసరికి నేను లేచి నిలబడిపోయాను. ఆ చర్చిలో నేనెవరో సగం మందికి తెలియదు. "ఆవిడ వేసిన దారి మీరు మూసేశారు సార్. ఆస్పత్రి మంచం మీద అది చూసి బాధపడి పోయారు. తిరిగి తెరుస్తారా, తెరవరా? ఇక్కడ చెప్పండి" అన్నాను. కూర్చోకుండా అలాగే నిలబడ్డాను.

"ఇది సందర్భం కాదమ్మా. ఆఫీసులో మాట్లాడదాం" అన్నాడాయన మెల్లగా.

టీచరుగారి తమ్ముడు అప్పటిదాకా తల వంచుకుని కూర్చున్నాడు. మాట తక్కువ మనిషి. తల ఎత్తి, "ఇంట్లో కూడా మా అక్కకి ఇదే గొడవండీ. అన్నం ముందు పెట్టుకుని కూడా ఇదే. చెప్పేయండి సార్" అన్నాడు. డైరెక్టరుగారు చేతిలో మైకు అటూ ఇటూ తిప్పి, "చూద్దాం" అన్నాడు. చూద్దాం అంటే ఏంటో మా ఆఫీసులో పనిచేసిన ప్రతివాళ్ళకీ తెలుసు. పాస్టరుగారు ప్రార్థన అందుకున్నారు. నేను కూర్చున్నాను.

సోమవారం పొద్దున్న అందరికంటే ముందు ఆఫీసుకెళ్ళాను. ఎవరినీ అడగలేదు. పాత నెంబర్లన్నీ ఒక్కొక్కటే పేజీలకు తిరిగి వేశాను. ముందు ఆక్సిజన్ పేజీకి వేశాను, మిగతావి తర్వాత. శీర్షికల ఎరుపు తీసేసి నల్లగా చేశాను. ఆ నాలుగు వాక్యాలకే ఎరుపు ఉంచాను. నవ్వుతున్న కుటుంబాన్ని ముట్టుకోలేదు, వాళ్ళేం చేశారు పాపం. అంతా అయ్యాక క్యారల్స్‌కి బయలుదేరాను. ఒక్కదాన్నే. పాట నాకు రాదు. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, తలుపు తీశాకే తర్వాతి గుమ్మానికి వెళ్ళాను. చివరి గుమ్మం అయ్యాకే విడుదల చేశాను.

సాయంత్రం డైరెక్టరుగారు పిలిచి, "ఎవరి పర్మిషన్‌తో చేశావు?" అని అడిగాడు. "టీచరుగారి పర్మిషన్‌తోనండీ" అన్నాను. నా ఉద్యోగం సంగతి ఇంకా తేలలేదు. ఇది చదివాక తేలుతుందేమో. ఆ లింకులు మాత్రం ఇంతవరకూ ఎవరూ మూయలేదు. మూస్తే మళ్ళీ తెరుస్తాను.

మొన్న ఆదివారం పామర్రు, చల్లపల్లి మీదుగా నాగాయలంక వెళ్ళాను. టీచరుగారు చెప్పమన్న మాట పిన్నికి ఎదురుగా చెప్పాలనిపించింది. చెప్పాను. ఆవిడ విని, పమిట కొంగుతో ముఖం తుడుచుకుని, "ఆవిడెవరో నన్ను చూడనైనా లేదు గదే" అంది. కొత్త పంట వేసి ఉన్నారు. ఆకాశం మూసుకుపోయి ఉంది. కరెంటు పోతే కావాలని బాబాయి జనరేటరుకి డీజిల్ తేవడానికి వెళ్తూ, గత్యంతరం లేక, "గట్టు మీద కాసేపుండండి" అని మా ఇద్దరికీ అప్పజెప్పి వెళ్ళాడు. ఫోను పిన్ని చేతికిచ్చేటప్పుడు ఆయన ముఖం చూడాల్సిందే.

మేత వేసే వేళ కాబట్టి బకెట్ నింపి గట్టు మీద పెట్టి ఉంది. పిన్ని దాని పక్కన నిలబడింది. నేను కాస్త వెనగ్గా ఉన్నాను. ఫోను మోగింది. అవే పొడి అక్షరాలు. అదే సమయానికి చెరువు ఈ మూల నీళ్ళల్లో రొయ్యల మీసాలు కదిలాయి. ఒకటి, దాని పక్కన ఇంకొకటి, తర్వాత ఆ మూలంతా. పిన్ని ఒకసారి బకెట్ వంక చూసింది. నేను నోరు తెరిచేలోపే వేలు "ఏం చేయాలి?" మీద పెట్టింది.

పేజీ తెరుచుకుంది. పిన్ని పెదవులు కదిపి చదువుకుంది. ఎంతసేపో పట్టలేదు. ఫోను గట్టు మీద గడ్డిలో పడేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఏరేటర్ల స్టార్టరు ఉన్న పాక వైపు పరిగెత్తింది. ఒక ఏరేటరు లేచింది. దాని వెనక ఇంకొకటి. నీళ్ళు తెల్లగా చిమ్ముతూ చెరువంతా హోరు మొదలైంది.

వంగి ఫోను తీశాను. పేజీ మొదట్లోనే ఆగి ఉంది. పైన నాలుగు ఎర్రటి వాక్యాలు. వాటి కింద టీచరుగారు ఎంతో ఓపికగా రాసిన మెట్లు, వేసిన బొమ్మలు, ఎటు వెళ్తాయో చెప్పే లింకులు, అట్టడుగున వెనక్కి వచ్చే దారి. పిన్ని వాటిలో ఒక్క అక్షరం చదవలేదు. చూస్తుండగానే తెర ఆరిపోయింది. మేత బకెట్ నిండుగా, ఎవరూ ముట్టుకోకుండా, గట్టు మీద అలాగే ఉంది.